మిథిలీన్ బ్లూ రంగు పోతే ఫిల్మ్ పనిచేసినట్టేనా?

"సార్, రెండు గంటల్లో రంగు మొత్తం పోయింది, అదీ విజిబుల్ లైట్‌లోనే. ఇక పేపర్ రాసేయొచ్చు కదా?"

కార్బన్ డోప్ చేసిన టైటానియం డయాక్సైడ్ ఫిల్ముల మీద పనిచేసే విద్యార్థులు నాకు ఎక్కువగా పంపే మెసేజ్ ఇదే. ఈ పలుచటి పూతలు వెలుతురు సాయంతో మురికిని విరగ్గొట్టాలి, అదే ఫొటోకెటాలిసిస్. కంటికి కనిపించే వెలుతురులోనూ పనిచేయాలని వాటిలో కొద్దిగా కార్బన్ కలుపుతారు, అదే డోపింగ్. ఫిల్ము పనిచేస్తోందో లేదో చూడటానికి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో పెట్టి, రంగు పోతుందేమో చూస్తారు. ఆ సంబరం చూస్తే కాదనడానికి మనసొప్పదు. కానీ ఏళ్ల శ్రమ పోయేది కూడా ఇక్కడే.

మిథిలీన్ బ్లూ తానే 664 నానోమీటర్ల దగ్గర వెలుతురును పీల్చుకుంటుంది. అలా ఉత్తేజం పొంది తన ఎలక్ట్రాన్‌ను టైటానియం డయాక్సైడ్‌లోకి పంపేసి, ఆ తర్వాత తానే విరిగిపోతుంది. ఇందులో మీరు వేసిన కార్బన్‌కు పనే లేదు, డోపింగ్ లేని ఫిల్మ్ పెట్టినా ఇలా జరుగుతుంది. అనటేజ్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) బ్యాండ్ గ్యాప్, అంటే దాని ఎలక్ట్రాన్‌ను లేపడానికి వెలుతురుకు ఉండాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 387 నానోమీటర్లు దాటిన వెలుతురు దానికి అక్కరకు రాదు. కార్బన్ ఆ హద్దును జరిపిందా అన్నదే మన ప్రశ్న. తానే వెలుతురు తాగే రంగును సాక్షిగా పెట్టుకుంటే దానికి జవాబు దొరకదు.

ఒక అమ్మాయి సీల్ చేసిన సీసాలో ద్రావణం తెల్లగా అయిపోయిందని ఫొటో పంపింది. మూత తీసి గట్టిగా కదిపి, అరగంట ఆగి చూడమన్నాను. నీలం చాలావరకు తిరిగొచ్చింది. రంగు విరగలేదు, ఆక్సిజన్ అందక ల్యూకో అనే రంగులేని రూపంలోకి మారిందంతే. ఇక ఫిల్మును పట్టకారుతో తీసి తెల్లకాగితం మీద పెడితే అంచుల దాకా లేత నీలం, అంటే కొంత రంగు ఫిల్ముకే అంటుకుంది. ఆ రాత్రి తను ఫోన్‌లో ఏడ్చింది. తప్పు తనది కాదు, చీకటి కంట్రోల్ (పోలిక కోసం వెలుతురు లేకుండా చేసే ప్రయోగం) పెట్టమని తనకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఫిల్ముతో చీకటిలో ఒకటి, ఫిల్ము లేకుండా వెలుతురులో ఒకటి, డోప్ చేయని ఫిల్ముతో ఒకటి, ఈ మూడూ లేకుండా నాకు గ్రాఫ్ పంపకండి. ల్యాంపుకు 420 నానోమీటర్ల కటాఫ్ ఫిల్టర్ (అంతకు లోపలి వెలుతురును, యూవీని ఆపేది) పెట్టండి. నేను మొదట్లో ఫిల్టర్ లేని హాలోజన్ ల్యాంపుతో నెలల తరబడి కొలిచాను. అందులోంచి వచ్చే కాస్త యూవీయే పనంతా చేసిందని తెలిశాక ఆ డేటా అంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫిల్ము మీద స్టియరిక్ ఆమ్లం పలుచగా పూసి, ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కొలతలో అది తగ్గుతోందో లేదో చూడండి. దానికి రంగు లేదు, మోసం చేయదు. ఫినాల్ జాతి పదార్థాలకు రంగు లేకపోయినా టైటానియంతో అతుక్కుని విజిబుల్‌ను పీల్చగలవు, జాగ్రత్త.

ఎక్స్‌పీఎస్‌లో (ఉపరితలంలో ఏ మూలకాలు, ఏ బంధాలతో ఉన్నాయో ఎక్స్-కిరణాలతో చూసే పరీక్ష) కార్బన్ పీక్ కనిపించింది కాబట్టి డోపింగ్ అయిపోయిందనేది ఇంకో మాట. 284.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపించేది గాలిలోంచి అంటిన మురికి కార్బన్, అది ఏ నమూనాకైనా ఉంటుంది. టైటానియం-కార్బన్ బంధం 281-282 దగ్గర రావాలి. ఆర్గాన్ అయాన్లతో పై పొర చెక్కి చూద్దామంటే ఆ దెబ్బకు ఆక్సిజన్ ముందు ఎగిరిపోయి టైటానియం +4 నుంచి +3 స్థితికి దిగుతుంది, దాన్ని కూడా డోపింగ్ ఫలితం అని రాసేస్తున్నారు! 2002లో సైన్స్ పత్రికలో వచ్చిన కార్బన్ డోపింగ్ పేపర్ వెలుతురుతో నీటిని విడగొట్టడంలో 8.35 శాతం సామర్థ్యం చెప్పింది, మరుసటి ఏడాదే అదే పత్రికలో ఆ లెక్క మీద అభ్యంతరాలు వచ్చాయి. ఆ అంకెను మాత్రం ఇంకా కళ్లు మూసుకుని ఎత్తి రాస్తూనే ఉన్నారు.

కార్బన్ వేస్తే ఫిల్ము గట్టిపడుతుందనేది సగం నిజం. టైటానియం కార్బైడ్ గట్టిదే, కానీ కొద్ది శాతం కార్బన్ చేరినంత మాత్రాన ఫిల్ము కార్బైడ్ అయిపోదు. నానోఇండెంటేషన్‌లో (సన్నటి సూదిని గుచ్చి గట్టిదనం కొలిచే పద్ధతి) సూది ఫిల్ము మందంలో పదో వంతు దాటితే మీరు కొలిచేది కింది గాజునే. 200 నానోమీటర్ల ఫిల్ముకు అది 20 నానోమీటర్లు, అక్కడ సూది మొన గుండ్రదనం, ఉపరితలం గరుకుదనం రెండూ అంకెను చెడగొడతాయి. ఇంకో ఇరకాటం కూడా ఉంది. రంధ్రాలుంటే ఫొటోకెటాలిసిస్‌కు మంచిది, గట్టిదనానికి చెడ్డది, కాబట్టి ఆ రెండు అంకెలనూ ఒకే ఫిల్ము మీద తీయండి. గట్టిగా ఉన్నది అతుక్కునే ఉంటుందనీ అనుకోవద్దు, దానికి స్క్రాచ్ టెస్ట్ వేరే ఉంది.

కార్బన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు, మితిమీరితే వెలుతురు లేపిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలు (హోల్స్) పని చేయకముందే మళ్లీ కలిసిపోయే చోట్లు పెరుగుతాయి. ఫిల్ముకు పసుపు రంగు వస్తే పనిచేస్తున్నట్టేనా? కాదు, వెలుతురు పీల్చుకోవడం వేరు, దాంతో పని చేయడం వేరు.

మామూలు సోడా-లైమ్ గాజు మీద పూసి 500 డిగ్రీల్లో కాల్చి, ఫిల్ము మందకొడిగా ఉందని టెన్షన్ పడేవాళ్లు ముందు గాజులోంచి పైకి ఎక్కే సోడియంను చూసుకోండి. కింద సిలికా పొర వేయండి, లేదంటే క్వార్ట్జ్ వాడండి. డోపింగ్‌ను అనుమానించడం ఆ తర్వాత.