పాస్‌వర్డ్‌ల గురించి అపోహలు, వాస్తవాలు: దొంగ అసలు ఎటు నుంచి వస్తాడు

"ఇంత కష్టమైన పాస్‌వర్డ్‌ని వాళ్లు ఎలా కనిపెట్టారండీ?"

మెయిల్ అకౌంట్ పోగొట్టుకున్న ఒకామె నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నిజంగానే కష్టమైన పాస్‌వర్డ్. 14 అక్షరాలు, మధ్య మధ్యలో అంకెలు, గుర్తులు. ఎవరి పేరూ లేదు, పుట్టిన తేదీ లేదు. అది నోటికి రావడానికి వారం రోజులు కాగితం మీద రాసి రాసి నేర్చుకున్నారట. అంత కష్టపడి నేర్చుకున్నాం కదా అని అన్నిచోట్లా అదే పెట్టారు. కొన్నేళ్ల కిందట ఫోటోలు ఎడిట్ చేసుకోవడానికి రిజిస్టర్ అయి, మళ్లీ ఎప్పుడూ తెరవని ఓ చిన్న వెబ్‌సైట్‌లో కూడా. ఆ సైట్ వాళ్లు పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా దాచారు. ఒకరోజు ఆ డేటా మొత్తం దొంగల చేతికి పోయింది. ఆమె పాస్‌వర్డ్‌ని ఎవరూ కనిపెట్టలేదు. ఆ జాబితాలో చదువుకున్నారు, అంతే.

అకౌంట్లకు భద్రత కల్పించడం, పోయినవాటిని వెనక్కి రప్పించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నిర్లక్ష్యం చేసినవాళ్లు తక్కువ. జాగ్రత్త పడినవాళ్లే ఎక్కువ. కాకపోతే ఆ జాగ్రత్త దొంగ వచ్చే దారిలో కాకుండా వేరే దారిలో పడ్డారు. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గట్టి పాస్‌వర్డ్ ఒకటుంటే చాలు, అన్నిచోట్లా అదే వాడుకోవచ్చు

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఒక సైట్ నుంచి పోయిన మెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌ల జాబితాను దొంగలు ప్రోగ్రాముల చేతికిస్తారు. ఆ ప్రోగ్రాములు అవే జంటలను మిగతా వందల సైట్లలో వేసి చూస్తాయి. దీనికి తెలివితేటలు అక్కర్లేదు. మీరెవరో దొంగకు తెలియాల్సిన పని కూడా లేదు.

పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్లకూ ఇది తప్పలేదు. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే సర్వీసు డ్రాప్‌బాక్స్. అందులో ఉద్యోగి ఒకరు వేరే సైట్‌లో వాడిన పాస్‌వర్డ్‌నే ఆఫీసు అకౌంట్‌కీ పెట్టుకున్నారు. 2012లో దొంగలు ఆ దారినే లోపలికి వెళ్లారు. సుమారు 6.8 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయని 2016లో బయటపడింది. 2023లో జన్యు పరీక్షలు చేసే 23అండ్‌మీ కంపెనీలోనూ ఇలాగే జరిగింది. వేరే సైట్ల నుంచి పోయిన పాస్‌వర్డ్‌లతో నేరుగా తెరుచుకున్న అకౌంట్లు దాదాపు 14,000 మాత్రమే. కానీ బంధువులను వెతికి చూపించే సదుపాయం ఉండటంతో, వాటి ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి వెళ్లాయి. ఎవరో తెలియని దూరపు బంధువు పాస్‌వర్డ్ మళ్లీ వాడినందుకు వీళ్లు నష్టపోయారు.

మీ మెయిల్ ఐడీ ఇలాంటి జాబితాల్లో ఉందేమో చూసుకోవడానికి భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్ ఉంది. నేను ఎవరికి సాయం చేసినా మొదట అక్కడే చూస్తాను. చాలామంది తమ ఐడీ అక్కడ కనిపించగానే టెన్షన్ పడతారు. ఏ సైట్ నుంచి పోయిందో చూసి, అక్కడి పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో గుర్తు చేసుకుని, వాటన్నింటినీ మార్చండి. అది చేస్తే ఆ జాబితా దొంగకు పనికిరాదు.

అపోహ: మూడుసార్లు తప్పు కొడితే లాక్ అవుతుంది కదా, ఇక ఎలా కనిపెడతారు?

లాగిన్ పేజీ దగ్గర ఈ మాట నిజమే. కానీ పాస్‌వర్డ్‌ని ఊహించి పట్టే పని ఎక్కువగా లాగిన్ పేజీ దగ్గర జరగదు. బాధ్యత ఉన్న సైట్లు మీ పాస్‌వర్డ్‌ని అలాగే దాచవు. దాన్ని ఒక లెక్కలో వేసి, వెనక్కి తిప్పలేని ముద్దగా మార్చి దాస్తాయి. దీన్నే హ్యాష్ అంటాం. ఆ హ్యాష్‌ల ఫైలు దొంగ చేతికి చిక్కిందంటే అతను దాన్ని తన కంప్యూటర్‌లో పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటాడు. ఒక్కో పాస్‌వర్డ్‌ని ఊహించి, దాని హ్యాష్ లెక్కగట్టి, ఫైల్లో ఉందేమో పోల్చి చూస్తాడు. అక్కడ లాక్ చేసేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లు లేరు. లెక్క తేలికైనదైతే సెకనుకు కోట్ల ప్రయత్నాలు చేయొచ్చు. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి పద్ధతులు ఆ లెక్కను కావాలనే నిదానం చేస్తాయి. మీరు వాడే సైట్ ఏ పద్ధతి వాడుతోందో మీకు తెలిసే అవకాశం తక్కువ. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలనేది అందుకే.

అపోహ: పెద్ద అక్షరం, అంకె, గుర్తు ఉంటే బలమైన పాస్‌వర్డ్

ఈ నియమం ఎక్కడిదో చెబుతాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 2003లో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన మార్గదర్శకాల నుంచి ప్రపంచమంతా పాకింది. 2017లో ఆయనే ఒక పత్రికతో మాట్లాడుతూ తాను రాసిన వాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానన్నారు. అదే ఏడాది నిస్ట్ ఆ నియమాలను పక్కన పెట్టింది.

నియమంలో లోపం మనుషుల అలవాట్ల దగ్గర ఉంది. పెద్ద అక్షరం పెట్టమంటే మొదట్లో పెడతాం. అంకె పెట్టమంటే చివర్లో 1 పెడతాం, లేదంటే సంవత్సరం పెడతాం. గుర్తు కావాలంటే ఆశ్చర్యార్థకం, లేదా 'ఏ' బదులు @. ఇవన్నీ దొంగల ప్రోగ్రాముల్లో సూత్రాలుగా ఎప్పుడో చేరిపోయాయి. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి. అన్నింటికంటే ఎక్కువమంది వాడింది 123456. మనుషులు పాస్‌వర్డ్ ఎలా తయారుచేస్తారో దొంగలు అలాంటి జాబితాల నుంచే నేర్చుకున్నారు.

పొడవు చేసే మేలు లెక్కలో చూడండి. కీబోర్డు మీదున్న 95 రకాల అక్షరాలూ గుర్తులూ వాడి 8 అక్షరాల పాస్‌వర్డ్ చేస్తే ఎన్ని వస్తాయో, కేవలం చిన్న అక్షరాలతో 12 అక్షరాలది చేస్తే అంతకు 14 రెట్లు వస్తాయి. 15 అక్షరాలైతే రెండున్నర లక్షల రెట్లు. షరతు ఒక్కటే: అక్షరాలు లాటరీ తీసినట్టు వచ్చినవి అయ్యుండాలి, మీరు ఎంచుకున్నవి కాకూడదు.

గుర్తుపెట్టుకోవాల్సిన పాస్‌వర్డ్ అయితే నేను మాటల గొలుసు చెబుతాను. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో డైస్‌వేర్ అనే పద్ధతి తెచ్చారు. 7,776 మాటల జాబితా, ఐదుసార్లు పాచిక వేస్తే ఒక మాట వస్తుంది. ఆరు మాటలు తీస్తే చాలు. గొడుగు, నత్త, ఆదివారం, తాళం, మబ్బు, నిచ్చెన, ఇలా వస్తుంది (ఇది రాసేశాను కాబట్టి ఎవరూ వాడకండి). ఒకదానికొకటి సంబంధం లేకపోవడమే దాని బలం. పాట పల్లవి, సామెత, సినిమా డైలాగు పెడితే ఆ బలం పోతుంది, ఎందుకంటే ఒక మాట తెలిస్తే తర్వాతది తెలిసిపోతుంది. తెలుగు మాటలను ఇంగ్లీష్ అక్షరాల్లో రాసేవాళ్లు దీర్ఘాన్ని రెండు అక్షరాలతో రాస్తారో ఒక్కదానితో రాస్తారో ముందే తేల్చుకోండి. ఈ ఒక్క తేడాతో సొంత అకౌంట్ తెరవలేక తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

అపోహ: మన భాష మాట పెడితే హ్యాకర్ డిక్షనరీలో ఉండదు

ఉంటుంది. వాళ్లు వాడేది బడిలో వాడే డిక్షనరీ కాదు, బయటపడ్డ పాస్‌వర్డ్‌ల జాబితాలు. అందులో అన్ని దేశాలవాళ్లూ, అన్ని భాషలవాళ్లూ ఉన్నారు. మీ కంటే ముందు ఆ మాట ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. ఒంటరి మాట ఏ భాషదైనా బలహీనమే.

అపోహ: మూడు నెలలకోసారి మార్చాలి

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 2010లో చేసిన పరిశోధన దీన్ని తేల్చింది. పాత పాస్‌వర్డ్ తెలిస్తే, 17 శాతం అకౌంట్లలో కొత్తదాన్ని సగటున 5 కంటే తక్కువ ప్రయత్నాల్లో పట్టేయవచ్చని వాళ్లు చూపించారు. బలవంతంగా మార్పిస్తే మనిషి చివరి 1ని 2 చేస్తాడు మరి. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో విండోస్ కోసం తాను సిఫార్సు చేసే సెట్టింగుల నుంచి ఈ గడువును తీసేసింది. లీక్ అయిందని తెలిసినా, అనుమానం వచ్చినా వెంటనే మార్చండి. లేకపోతే అలాగే ఉంచండి.

అపోహ: పాస్‌వర్డ్ మేనేజర్ అంటే తాళాలన్నీ ఒకే చోట పెట్టడమే

పాస్‌వర్డ్ మేనేజర్ అంటే మీ పాస్‌వర్డ్‌లన్నింటినీ ఒక ఖజానాలో దాచిపెట్టే యాప్. ఆ ఖజానా తెరిచేది ఒకే ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్. ఈ భయం నాకు అర్థమవుతుంది, కొట్టిపారేయను. 2022లో ఇలాంటి మేనేజర్ నడిపే లాస్ట్‌పాస్ కంపెనీ నుంచి ఖాతాదారుల ఖజానాల కాపీలు దొంగతనానికి గురయ్యాయి. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మాస్టర్ పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలో ఉన్నాయి కానీ, మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్లకు ముప్పు వచ్చింది. అయినా నేను మేనేజర్ వాడమనే చెబుతాను. వంద అకౌంట్లకు వంద వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఏ మనిషికీ గుర్తుండవు. అవి లేకపోతే మొదట్లో చెప్పిన ఆమెకు జరిగిందే జరుగుతుంది. మాస్టర్ పాస్‌వర్డ్‌గా ఆరు మాటల గొలుసు పెట్టండి, దాన్ని ఇంకెక్కడా వాడకండి. మేనేజర్ ఇంకో మేలు కూడా చేస్తుంది: అసలు సైట్ లాగే కనిపించే నకిలీ సైట్‌లో అది పాస్‌వర్డ్ నింపదు. మన కన్ను మోసపోయినా అది చిరునామాను సరిచూస్తుంది.

మేనేజర్ అంటే భయపడే పెద్దవాళ్లకు నోట్‌బుక్‌లో రాసుకుని బీరువాలో పెట్టుకోమంటాను. ఇంటర్నెట్ దొంగ బీరువా తెరవలేడు.

అపోహ: ఓటీపీ ఉంది, పాస్‌వర్డ్ ఏదైతేనేం?

ఓటీపీ తప్పకుండా పెట్టుకోండి. గూగుల్ 2019లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఫోన్‌కు మెసేజ్‌లో వచ్చే కోడ్ యంత్రాలు చేసే దాడులను పూర్తిగా, అందరికీ ఒకేలా పంపే ఫిషింగ్‌ను (నకిలీ మెయిల్, నకిలీ పేజీతో పాస్‌వర్డ్ రాబట్టే మోసాన్ని) 96 శాతం ఆపింది. ఒక వ్యక్తిని గురిపెట్టి చేసే దాడుల్లో మాత్రం 76 శాతమే ఆపగలిగింది. నకిలీ పేజీలో మీరే ఓటీపీ కొడితే అది కూడా దొంగకే చేరుతుంది. పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ వేలిముద్రతోనో, లాక్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ సదుపాయం ఉన్నచోట అది తీసుకోండి. అందులో మీరు టైప్ చేసే రహస్యం లేదు కాబట్టి నకిలీ పేజీకి ఇవ్వడానికీ ఏమీ ఉండదు.

భద్రతా ప్రశ్నల గురించి ఒక్క మాట. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ని ఒక కుర్రాడు ఆమె పుట్టిన తేదీ, భర్తను ఎక్కడ కలిశారు లాంటి బహిరంగ వివరాలతోనే తెరిచాడు. అక్కడ నిజం చెప్పాలన్న రూలేమీ లేదు. ఏదో ఒక పొంతన లేని జవాబు పెట్టి, మేనేజర్‌లో రాసుకోండి.

అపోహ: పాస్‌వర్డ్ మార్చేస్తే దొంగ బయటికి పోయినట్టే

అకౌంట్ వెనక్కి వచ్చాక చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదట మెయిల్ అకౌంట్ చూడండి, ఎందుకంటే మిగతా అన్ని అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులు వచ్చేది అక్కడికే. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగ్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా అని చూడండి. తర్వాత సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ తెరవండి, మీ మెయిల్ కాపీలను వేరే చిరునామాకు పంపే ఏర్పాటు అక్కడే ఉంటుంది. మొదట్లో చెప్పిన ఆమె పాస్‌వర్డ్ మార్చి రెండు రోజులైంది, మనసు కుదుటపడింది. నేను ఆ పేజీ తెరిచి చూపిస్తే, తమకు వచ్చే ప్రతి మెయిల్ కాపీ ఇంకా ఒక తెలియని చిరునామాకు వెళ్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.