పెద్దపేగు దాకా వెళ్లే టీ

పలాస నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "రోజుకి నాలుగు సార్లు టీ తాగుతాను. టీ వల్ల పొట్టలో మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందని మా పక్కింటావిడ అంటోంది. నిజమేనా?"

చచ్చిపోదండీ. పైగా టీ వల్ల ఒంటికి జరిగే మేలులో చాలా భాగం ఆ బ్యాక్టీరియా చేతుల మీదుగానే జరుగుతుంది.

టీ ఆకులో కాటెకిన్లు అనే పాలీఫినాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు) ఉంటాయి. మనం కాచుకునే సీటీసీ పొడి కోసం పచ్చి ఆకును బాగా నలిపేస్తారు. అప్పుడు ఆకులోని ఎంజైమ్‌కు గాలి తోడై, కాటెకిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని థియాఫ్లేవిన్లు, థియారూబిజిన్లు అవుతాయి. డికాషన్ రంగు వీటిదే. ఆ రంగు చూసే కాబోలు, టీ తాగితే నల్లబడిపోతారని పిల్లల్ని ఇప్పటికీ భయపెడుతుంటారు. ఒంటి రంగు మెలనిన్‌ది, దానికీ టీకీ సంబంధం లేదు. పిల్లలకు టీ వద్దనడానికి కెఫీన్ ఉందన్న అసలు కారణమే చెప్పొచ్చు.

ఈ అణువుల్లో కొద్ది భాగమే చిన్నపేగు గోడ దాటుతుంది. మిగతాది పెద్దపేగుకు చేరుతుంది. బడిలో పెద్దపేగు అంటే నీటిని పీల్చుకునే గొట్టమని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. అక్కడ లక్షల కోట్ల సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయన్న సంగతి పిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ పని ఎలా సాగుతుందో పలాసవాళ్లకు చెప్పడం సులువు. జీడిపిక్క నుంచి పప్పు ఒక్కసారిగా రాదు. పిక్కల్ని ఉడికించేది ఒకరు, పెంకు కొట్టేది ఇంకొకరు, పొట్టు ఒలిచేది మరొకరు. కాటెకిన్ సంగతీ అంతే. గ్రీన్ టీలో ఎక్కువగా ఉండే ఈజీసీజీ అనే కాటెకిన్‌కి గాలిక్ ఆమ్లం తగులుకుని ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియా ముందు దాన్ని ఊడదీస్తాయి. తర్వాత ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా వస్తుంది. కాటెకిన్‌లో ఉన్న మూడు వలయాల్లో నడిమిదైన సి వలయాన్ని తెరుస్తుంది. అలా తెరుచుకున్నదాన్ని ఫ్లేవోనిఫ్రాక్టర్ ప్లాటీ అనే ఇంకో బ్యాక్టీరియా అందుకుని ఎ వలయాన్ని విరగ్గొడుతుంది. అప్పుడు చేతికొచ్చే పప్పు వాలెరోలాక్టోన్. చిన్న అణువు కాబట్టి రక్తంలోకి సులువుగా పోతుంది. అది ఇంకా చితికితే ఫినాలిక్ ఆమ్లాలు వస్తాయి. వాటిలో కొన్నిటికి కాలేయం చివర్లో గ్లైసిన్ తగిలించి, హిప్యూరిక్ ఆమ్లంగా మూత్రంలోకి పంపేస్తుంది. పొట్టు ఒలిచేవాళ్లు రాని రోజున పెంకు కొట్టిన పిక్కలు గుట్ట పడి ఉన్నట్టే, ఈ వరసలో ఒక బ్యాక్టీరియా తక్కువైనా పని అక్కడే ఆగుతుంది. అందుకే ఒకే గిన్నెలో కాచిన టీ తాగినా, వాలెరోలాక్టోన్ అందరిలో ఒకేలా తయారవదు.

బ్లాక్ టీ, అంటే మనం కాచుకునే సీటీసీ లాంటి టీలో అణువులు ఇంకా పెద్దవి. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, కొవ్వూ పంచదారా దట్టించిన తిండి తినే ఎలుకలకు కెఫీన్ తీసేసిన టీ సారం పెట్టారు. గ్రీన్ టీ, బ్లాక్ టీ రెండూ బరువు తగ్గించాయి. బ్లాక్ టీ పేగులోనే ఉండిపోయి బ్యాక్టీరియా పొందికను మార్చింది. ఆ బ్యాక్టీరియా తయారుచేసే చిన్న కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరి ఏఎంపీకే అనే ఎంజైమ్‌ను మేల్కొల్పాయని వాళ్లు వివరించారు. అది మేలుకుంటే కొవ్వు తయారీ తగ్గి, కరగడం పెరుగుతుంది. ఎలుకల్లో జరిగింది మనుషుల్లోనూ అంతే జరుగుతుందని మాత్రం ఆశపడకూడదు.

అసలు చిక్కు పంచదారతో. కప్పుకి రెండు చెంచాలంటే సుమారు 10 గ్రాములు, నాలుగు టీలకు 40. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పంచదార చిన్నపేగులోనే రక్తంలో కలిసిపోతుంది, పెద్దపేగు బ్యాక్టీరియాకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు. వాటికి కావలసింది పీచు. చోడి అంబలి, ఉలవలు మన శ్రీకాకుళం వంటింట్లో ఉన్నవే.

ఇంకొకటి తప్పక చెప్పాలి. టీ పాలీఫినాల్స్‌కి అతుక్కునే గుణం ఉంది కదా, అవి అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమునీ పట్టేసుకుంటాయి. పట్టుబడిన ఇనుము ఒంటికి అందదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. రక్తహీనతకు ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రను టీతో మింగే గర్భిణులు దాన్ని నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి. టీ గంట ఆగాక తాగొచ్చు.