ఫొటోలు ముందు, చట్టం తర్వాత: వార్విక్‌షైర్ పాత కట్టడాల నేపథ్యం

పాత కట్టడాన్ని పడగొట్టే ముందు ‘ఫొటోలు తీసి దాచాం కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్ చరిత్ర చూడాలి. ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తాన్ని పద్ధతి ప్రకారం ఫొటోల్లో రికార్డు చేయాలని ముందుగా పూనుకున్నది అక్కడే.

క్రికెట్ చూసేవాళ్లకు వార్విక్‌షైర్ పేరు కొత్తేమీ కాదు. ఆ జట్టు సొంత మైదానం ఎడ్జ్‌బాస్టన్ ఉన్న బర్మింగ్‌హామ్, పక్కనున్న కోవెంట్రీ 1974లో వెస్ట్ మిడ్‌లాండ్స్ అనే కొత్త కౌంటీ కిందికి వెళ్లాయి. పాత ఫొటోల్లోని వార్విక్‌షైర్‌లో మాత్రం ఆ రెండు నగరాలూ ఉన్నాయి. ఇక్కడ చెప్పేది ఆ పాత కౌంటీ సంగతే.

1889లో జెరోమ్ హారిసన్ అనే సైన్స్ ఉపాధ్యాయుడు బర్మింగ్‌హామ్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. సర్వే మ్యాపు ఆధారంగా కౌంటీని గళ్లుగా విడదీయాలి. సభ్యులు వాటిని పంచుకుని చర్చిలు, కోటలు, వంతెనలు, పాత ఇళ్లు ఫొటోలు తీయాలి. మరుసటి ఏడాదే పని మొదలైంది. అప్పటికి ఫిల్మ్‌లా కెమెరాలో పెట్టుకునే రెడీమేడ్ గాజు ప్లేట్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి కాబట్టి మామూలు ఔత్సాహికులు కూడా కెమెరా, స్టాండు మోసుకుని పల్లెలకు వెళ్లగలిగారు. వాళ్ల పట్టుదల ప్రింట్ల విషయంలో బాగా కనిపిస్తుంది. ఆనాటి మామూలు ప్రింట్లు కొన్నేళ్లకే పసుపుబారి వెలిసిపోయేవి. అందుకే ఖర్చు ఎక్కువైనా ప్లాటినం ప్రింట్లు కావాలన్నారు, రీటచింగ్ వద్దన్నారు. అందం కోసం చెట్టునో గోడనో చెరిపేస్తే అది సాక్ష్యంగా పనికిరాదు. నూట ముప్పై ఏళ్ల తర్వాత ఆ ప్రింట్లు చూసేవాళ్లు ఆ పట్టుదలకు రుణపడి ఉండాలి.

ఈ పనికి అండగా నిలిచిన బెంజమిన్ స్టోన్ బర్మింగ్‌హామ్ ఎంపీ, స్వయంగా ఫొటోగ్రాఫర్. ఇదే ఆలోచనను దేశమంతటికీ విస్తరిస్తూ 1897లో నేషనల్ ఫొటోగ్రాఫిక్ రికార్డ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆయన సొంత సేకరణ ఇప్పుడు బర్మింగ్‌హామ్ లైబ్రరీలో ఉంది. అందులో దాదాపు 22 వేల ఫొటోలు ఉన్నాయి.

ఇంత శ్రద్ధ ఉన్నా కట్టడాలకు రక్షణ లేదు. 1882 నాటి పురాతన కట్టడాల చట్టం స్టోన్‌హెంజ్ రాతి స్తంభాల వలయం లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని చేసింది. 1913లో దాన్ని బలపరిచారు కానీ, మనుషులు కాపురముండే ఇళ్ల జోలికి మాత్రం పోలేదు. సొంత ఇంటి మీద యజమానిదే హక్కు, ఉంచుకున్నా అమ్ముకున్నా ఆయనిష్టం.

దాని ఫలితం వార్విక్ ప్రయరీ. పన్నెండో శతాబ్దపు మఠం అది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దు చేశాక పదహారో శతాబ్దంలో ఆ స్థలంలో పెద్ద భవంతి లేచింది. 1925లో దాన్ని పడగొట్టి అమ్మకానికి పెట్టారు. కొన్నది అమెరికన్ దంపతులు అలెగ్జాండర్, వర్జీనియా వెడెల్. అంతకు ముందు ఆయన మన కలకత్తాలోనే అమెరికా కాన్సుల్ జనరల్‌గా పనిచేశాడు. బ్రిటన్‌లో నిరసనలు వచ్చినా లాభం లేకపోయింది. రాళ్లు ఓడల్లో అట్లాంటిక్ దాటాయి. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో వాటితో కట్టిన ‘వర్జీనియా హౌస్’ నేటికీ ఉంది. వార్విక్‌లో ఆ భవంతి నిలిచిన ప్రయరీ పార్కులో ఇప్పుడు కౌంటీ రికార్డ్ ఆఫీసు నడుస్తోంది. కౌంటీ పాత ఫొటోలు దాచి ఉంచేది అక్కడే.

కోవెంట్రీలో నష్టం రెండు విడతలుగా జరిగింది. బుచర్ రో అనే ఇరుకు వీధి పాత ఫొటోల్లో కలప చట్రాల ఇళ్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. పై అంతస్తులు వీధి మీదకు పొడుచుకు వచ్చి, వాటి మధ్య ఆకాశం సన్నగా కనిపిస్తుంది. కార్ల కోసం వెడల్పాటి రోడ్డు వేయాలని 1936లో నగరపాలకులే ఆ వీధిని పడగొట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1940 నవంబరు 14 రాత్రి, జర్మన్ బాంబులకు నగర ప్రధాన చర్చి సెయింట్ మైకేల్ కెథెడ్రల్ తగలబడింది. కోవెంట్రీ పాత అందమంతా బాంబులకే పోయిందనుకోవడం పొరపాటు. బుచర్ రో ఫొటోలు అందుకు రుజువు. అదే ఊళ్లో 1509 నాటి ఫోర్డ్స్ హాస్పిటల్, అంటే వృద్ధుల ఆశ్రమం, బాంబు దెబ్బకు దారుణంగా పాడైంది. కానీ పాత దూలాలను ఏరి దాచారు కాబట్టి 1950ల మొదట్లో వాటితోనే మళ్లీ నిలబెట్టగలిగారు.

యుద్ధమే ప్రభుత్వాన్ని కదిలించింది. బాంబులు పడేలోగా కట్టడాలను ఫొటోలు, డ్రాయింగ్‌లలో నమోదు చేయాలని 1941లో నేషనల్ బిల్డింగ్స్ రికార్డ్ మొదలైంది. అంటే హారిసన్ ఆలోచన సర్కారు పని కావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1944, 1947 ప్రణాళికా చట్టాలతో ముఖ్యమైన కట్టడాలను జాబితాలో చేర్చడం వచ్చింది. కాపురముండే ఇళ్లు కూడా అందులోకి వచ్చాయి. తర్వాత 1968 చట్టంతో, జాబితాలో ఉన్న ఇంటిని కూల్చాలన్నా, దాని రూపం మారేలా మార్పులు చేయాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. యజమాని కిటికీ మారుస్తాననో పొగగొట్టం తీసేస్తాననో అడిగినప్పుడు, అసలు అది ఎలా ఉండేదో తేల్చడానికి ఈ పాత ఫొటోలు పనికొస్తాయి. రీటచింగ్ వద్దన్న ఆ పాత నియమం విలువ అక్కడ తెలుస్తుంది.