టైరు మీద అంకె ఒకటి, టేపు చూపేది మరొకటి: ఫోర్ బై ఫోర్ బండ్ల టైర్లపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో టైర్లు, అలైన్‌మెంట్ పని చేసే నా దగ్గరికి తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో తిరిగేవారు, భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనులకు క్యాంపర్ పికప్‌లు నడిపేవారు, వానాకాలంలో నల్లరేగడి చేలకు పికప్ తీసుకుపోయే రైతులు వస్తుంటారు. పనులు వేరైనా టైరు కొలతల గురించి వీరందరి నమ్మకాలూ దాదాపు ఒకటే.

అపోహ: ఒకే సైజు రాసి ఉంటే ఏ కంపెనీ టైరైనా ఒకే ఎత్తు ఉంటుంది.

వాస్తవం: 265/65 ఆర్17 టైరునే తీసుకుందాం. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మి.మీ.; 265 మి.మీ. వెడల్పులో 65 శాతం చొప్పున పైనా కిందా కలిపి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) 344.5 మి.మీ.; మొత్తం 776 మి.మీ. ఇది కాగితం మీది లెక్క. ఐక్యరాజ్యసమితి 30వ నంబరు వాహన నిబంధన ప్రకారం రేడియల్ టైరు (ఇప్పటి బండ్లకు వచ్చే మామూలు రకం) సైడ్‌వాల్ ఎత్తు ఈ లెక్కకు 3 శాతం తగ్గవచ్చు, 4 శాతం పెరగవచ్చు. అంటే అదే సైజు పేరుతో 766 మి.మీ. టైరూ, 790 మి.మీ. టైరూ రెండూ నిబంధనకు లోబడినవే. వెడల్పు కూడా 4 శాతం వరకు పెరగవచ్చు కాబట్టి 265 అని ఉన్న టైరు 275 మి.మీ. ఉన్నా తప్పు పట్టలేము. ఒకే కంపెనీలో సైతం హైవే రకానికీ, లోతైన గ్రిప్పు ఉన్న మడ్ రకానికీ ఎత్తు తేడా రావడం మామూలే. అందుకే కొనేముందు కంపెనీ సాంకేతిక పట్టికలో ఆ మోడల్ అసలు వ్యాసాన్ని చూడమని చెబుతాను. అడిగితే చూపించని దుకాణదారుడిపై నాకు నమ్మకం తక్కువ.

అపోహ: 265 అంటే నేలకు తగిలే వెడల్పు.

వాస్తవం: కాదు. అది ఈ సైడ్‌వాల్ నుంచి ఆ సైడ్‌వాల్ వరకు, నిర్ణీత వెడల్పున్న రిమ్ముపై గాలి నింపి కొలిచినది. నేలకు తగిలే భాగం అంతకంటే సన్నగానే ఉంటుంది. రిమ్ము వెడల్పు అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుంది.

అపోహ: 18 అంగుళాల టైరు 16 అంగుళాల దానికంటే చాలా పెద్దది.

వాస్తవం: ఆ అంకె రిమ్ముది. థార్‌కు వచ్చిన 245/75 ఆర్16, 255/65 ఆర్18 టైర్లను పోల్చి చూడండి: లెక్క ప్రకారం మొదటిది 774 మి.మీ., రెండోది 789 మి.మీ. రిమ్ములో తేడా 51 మి.మీ. ఉన్నా టైరు ఎత్తులో తేడా 15 మి.మీ. మాత్రమే, బండి లేచేది అందులో సగమే. ఇక 31x10.5 ఆర్15 వంటి పాత పద్ధతి అంకెల్లో 31 అంగుళాలంటే 787 మి.మీ. కావాలి కానీ, ఆ సైజు ప్రామాణిక వ్యాసం సుమారు 775 మి.మీ. దగ్గరే ఆగుతుంది.

అపోహ: నాలుగింటి మీదా ఒకే సైజు ఉంటే చాలు, రెండు కొత్తవీ రెండు పాతవీ కలిపి నడుపుకోవచ్చు.

వాస్తవం: టూ వీల్ డ్రైవ్ బండికి కొంతవరకు చెల్లుతుంది, ఫోర్ బై ఫోర్‌కు చెల్లదు. థార్, ఇసుజు వీ-క్రాస్ లాంటి బండ్లలో ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వేయగానే ముందు, వెనక ఇరుసులకు శక్తినిచ్చే షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. ఆ రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. 11 మి.మీ. గ్రిప్పు (గాడి లోతు) ఉన్న కొత్త టైర్లు వెనక, 4 మి.మీ.కు అరిగినవి ముందు ఉన్నాయనుకుంటే వ్యాసంలో తేడా 14 మి.మీ. బరువు మీద టైరు ఒక్క చుట్టుకు నడిచే దూరం వ్యాసానికి సుమారు 3.05 రెట్లు కాబట్టి, 776 మి.మీ. టైరు కిలోమీటరుకు 422 చుట్లు తిరిగితే 762 మి.మీ. టైరు 430 తిరగాలి. షాఫ్టులు ఆ ఎనిమిది చుట్ల తేడాను ఒప్పుకోవు. బురదలో చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. ములుగు తారు రోడ్డు మీద జారే వీలు లేక ఒత్తిడి అంతా శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, షాఫ్టుల మీద పడుతుంది. లివర్ తిరిగి టూ హై (రెండు చక్రాల గేరు)లోకి రానని మొరాయించడానికి ఇదొక కారణం. టైర్లు సమానంగా ఉన్నా తారు రోడ్డుపై మలుపుల్లో ఈ ఒత్తిడి కొంత తప్పదు, అరుగుదల తేడా దాన్ని తిన్నని రోడ్డుకూ తెస్తుంది.

అపోహ: గాలి తగ్గిస్తే టైరు చిన్నదవుతుంది, కాబట్టి గాలితో తేడా సరిచేయవచ్చు.

వాస్తవం: గాలి తగ్గితే ఇరుసు కిందికి దిగుతుంది, నిజమే. అయితే రేడియల్ టైరు చుట్టుకొలతను లోపలి స్టీలు బెల్టు పట్టి ఉంచుతుంది కనుక ఒక్క చుట్టుకు నడిచే దూరం పెద్దగా మారదు. అరుగుదల తేడాను గాలితో కప్పిపుచ్చబోతే టైరు అంచులు అరుగుతాయి.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నాలుగింటికీ గాలి సమానంగా నింపి, సమతలమైన నేలపై టైరుకూ నేలకూ సుద్దతో గీత పెట్టి, బండిని తిన్నగా ఒక పూర్తి చుట్టు నడిపి, మధ్య దూరాన్ని టేపుతో కొలవాలి. ముందూ వెనకా విడివిడిగా కొలిస్తే తేడా అక్కడే తెలుస్తుంది. స్టెప్నీ అదే సైజు, అదే మోడల్ అయితే దాన్నీ కలిపి ఐదు టైర్లనూ వంతులవారీగా మార్చుకుంటే అరుగుదల సమానంగా ఉంటుంది. డబ్బు చాలక రెండే కొనవలసి వస్తే ఆ రెండూ ఒకే ఇరుసుకు వేసి, మిగతా రెండు మార్చేవరకు ఫోర్ హైని బురదకే పరిమితం చేయండి.