పిల్లలను తీసుకుని చెరువుకు గాలం వేయడానికి వెళ్తున్నారా? అపోహలు – వాస్తవాలు

ఆదివారం నలుగురైదుగురు స్నేహితులు, వాళ్లలో ఒకరి ఐదారేళ్ల పిల్ల, ఊరి చెరువు, రెండు గాలాలు. తెలంగాణ పల్లెల్లో కనిపించే దృశ్యమే. ఇలాంటి రోజు గురించి చెప్పుకునే మాటల్లో కొన్ని చేపలు పడకుండా చేస్తాయి, కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి. రెండో రకం ముందు చూద్దాం.

అపోహ: పెద్దవాళ్లం ఇంతమందిమి ఉన్నాం, అందరికీ ఈత వచ్చు.

ఎక్కువ మంది ఉన్నచోటే చూపు తప్పుతుంది. వాడు చూస్తున్నాడులే అని వీడు, వీడు చూస్తున్నాడులే అని వాడు. గాలం తాడుకు కట్టి నీటి మీద తేల్చే బెండు కదిలిందా, అందరి కళ్లూ దాని మీదే. నీళ్లలో పడ్డ పిల్ల అరుస్తుందని ఎదురుచూడొద్దు. ఊపిరికే తంటాలు పడే గొంతులోంచి కేక రాదు, చాలాసార్లు నిమిషంలోపే చప్పుడు లేకుండా మునిగిపోతుంది. అందుకే వంతులు వేసుకోండి. ఒక్కొక్కరికి అరగంట. ఆ అరగంటా చేతిలో గాలం వద్దు, ఫోన్ వద్దు, మందు అసలే వద్దు. పిల్ల చేయి అందేంత దగ్గరలో ఉండాలి. వంతు మారేటప్పుడు "ఇక నువ్వు చూసుకో" అని నోటితో చెప్పి, అవతలివాడు "సరే" అన్నాకే లేవాలి.

గాలి ఊదే ట్యూబులు, చేతులకు తొడిగే బుడగలు లైఫ్ జాకెట్‌కు బదులు కావు. జాకెట్ మీద రాసిన బరువు పిల్ల బరువుకు సరిపోవాలి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే అది వదులే.

అపోహ: ఒడ్డు దగ్గర మోకాలి లోతే.

ఒకప్పటి మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. అది కాక ఇటుక బట్టీలకు, రోడ్లకు మట్టి తవ్వుకుపోవడం ఉండనే ఉంది. పొక్లెయిన్ తవ్విన గుంత అంచు నిట్టనిలువుగా ఉంటుంది. వానలకు చెరువు నిండాక పైనుంచి ఏమీ తెలియదు, ఒక్క అడుగులో మోకాలి లోతు తలమునకలవుతుంది. శిఖం (కట్టకు ఎదురుగా, నీళ్లు ముంచే నేల) వైపు ఒడ్డు ఏటవాలుగా ఉండి కూర్చోవడానికి బాగుంటుంది, కానీ ఈ గుంతలూ అటువైపే ఎక్కువ. కూర్చునే ముందు పొడవాటి వెదురు కర్రతో అడుగడుగునా లోతు పొడిచి చూడండి. కట్ట లోపలి రాళ్ల మీద నాచు జారుతుంది. తూము తెరిచి ఉన్నప్పుడు దాని దగ్గరికి, మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే గోడ) దూకుతున్నప్పుడు దాని మీదికి పిల్లలను పోనివ్వొద్దు. మోటార్ల వైర్లు వేలాడేచోట కూర్చోవద్దు. కార్బన్‌తో చేసిన గాలం కర్రలో కరెంటు పారుతుంది.

అపోహ: మునిగినవాళ్లను బోర్లా వేసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

ఇదే అన్నిటికన్నా ప్రమాదం. తలకిందులుగా పట్టుకుని తిప్పడం కూడా ఇలాంటిదే. బయటికొచ్చేది పొట్టలోని నీళ్లు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. కావలసింది గాలి. పిల్ల స్పృహలో లేకుండా, ఊపిరి తీయకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి రెండు నుంచి ఐదుసార్లు గాలి ఊదండి, ఛాతీ లేచేలా. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, రెండు ఊదులు. ఛాతీ మందంలో మూడో వంతు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 వేగం. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఆపకండి.

ఇక చేపల సంగతి.

అపోహ: మాట్లాడితే చేపలు పారిపోతాయి.

గాలిలో పుట్టిన శబ్దం చాలావరకు నీటి ఉపరితలం మీదే తిరుగుముఖం పడుతుంది. పిల్లను నోరు మూయించి ఏడిపించక్కర్లేదు. అయితే అడుగులు దబదబ వేయడం, రాళ్లు విసరడం మాత్రం పనికిరావు. బొచ్చె, రవ్వ, మృగాల, జెల్ల జాతుల్లో గాలితిత్తిని లోపలి చెవికి కలిపే చిన్న ఎముకలుంటాయి. నీటిలోని అదురు వాటికి బాగా తెలుస్తుంది.

అపోహ: తెల్లారకముందే పోవాలి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలితో ఉన్నట్టు.

పచ్చటి నీళ్లలో నాచు రాత్రంతా ప్రాణవాయువును వాడేస్తుంది. సూర్యోదయానికి ముందు అది అతి తక్కువ. అప్పుడు గుంపుగా పైకొచ్చిన చేపలు ఊపిరికి వచ్చాయి, తిండికి కాదు. ఎండ పొడిచి ఆక్సిజన్ పెరిగాక ఎర ముడతాయి. పిల్లను నాలుగింటికి లేపొద్దు. కొర్రమీను వేరు, అది ఎప్పుడైనా పైకొచ్చి గాలి పీల్చాల్సిందే.

అపోహ: పెద్ద గాలానికే పెద్ద చేప.

పిల్లకు పెద్ద చేప కాదు, తొందరగా పడే చేప కావాలి. చిన్న తిలాపియా, పరికలు చాలు. రెండు మీటర్ల తేలికైన కర్ర, అంతే పొడవు 0.20 మి.మీ. తంగూసు (గాలం దారం), 10 లేదా 12 నంబరు గాలం (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది). బెండు కొన మాత్రమే పైకి కనబడేలా సీసం గుళ్లు కట్టాలి. ఎక్కువ తేలితే చిన్న చేప దాన్ని లాగలేక ఎర వదిలేస్తుంది. గాలం పక్క ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయండి. వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. ముల్లున్న గాలం లోపలికి దిగితే లాగకండి, తంగూసు కత్తిరించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎరకు కప్పు గోధుమ పిండి, పావు కప్పు వేరుశనగ చెక్క పొడి, చిటికెడు దూది పీచు. నీళ్లు కొద్దికొద్దిగా పోసి గట్టిగా కలపాలి, శనగ గింజంత ముద్ద చాలు. దూది లేకపోతే ముద్ద నీటిలో విడిపోతుంది. పెద్దవాళ్లకు ఒక మాట: బొచ్చె పైపొరలో, రవ్వ నడిమిలో, మృగాల అడుగున మేస్తాయి. బెండు లోతు దాన్నిబట్టి మార్చండి.

అపోహ: జెల్ల ముల్లు గుచ్చుకుంటే సున్నం రాయాలి.

ఆ విషం వేడికి చెడే ప్రొటీన్. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచితే నొప్పి తగ్గుతుంది. వేడి చూడాల్సింది పెద్దవాళ్ల చేత్తో, పిల్ల చేత్తో కాదు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి ముళ్లుంటాయి. పిల్లకు జెల్లను అసలు ఇవ్వొద్దు. బతికున్న చేపను పళ్లతో పట్టుకుని ఎరేసే అలవాటున్నవాళ్లు పిల్ల ముందు ఆ పని చేయకండి. చేప జారి గొంతులో ఇరుక్కుని చనిపోయిన ఘటనలు మన దేశంలో ఉన్నాయి.

అపోహ: ఊరి చెరువు, ఎవరైనా పట్టుకోవచ్చు.

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. ముందే అడగండి.

అపోహ: ఇప్పుడే పట్టిన చేప, కళ్లు మూసుకుని తినొచ్చు.

తాజాదనం వేరు, శుభ్రత వేరు. పరిశ్రమల, మురుగు నీళ్లు చేరే చెరువు చేపలో ఉండే లోహాలు వండినా పోవు. మంచి చెరువుదైతే, పట్టగానే చేప బరువుకు సమానంగా ఐసు వేయండి. ఎండలో పాలిథిన్ సంచిలో మూట కట్టిన చేప ఇంటికి చేరేలోపే పాడవుతుంది.