మంచు మెషిన్ చలిని పుట్టించదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిసెంబరు దగ్గరపడిందంటే చెన్నైలో కోల్డ్ రూములు, స్నో హాళ్ల (లోపల మంచు పరిచి ఆడుకోనిచ్చే చల్లటి హాళ్లు) పని చేసే మాలాంటివాళ్లకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి, కశ్మీరులో గుల్మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లో ఔలీకో టికెట్లు తీసుకున్నవాళ్లది: "అక్కడ మంచు పడకపోయినా మెషిన్లుంటాయి కదండీ?" రెండోది, లంబసింగిలోనో ఊటీలోనో రిసార్టు కట్టేవాళ్లది: "నాలుగు స్నో గన్‌లు పెట్టిస్తే ఎంతవుతుంది సార్?" రెండింటి వెనకా ఉన్న అపోహ ఒక్కటే. జనానికి డబ్బు పోయేదీ, కొండకు చేటు జరిగేదీ ఎక్కువగా దానివల్లే కాబట్టి ముందు దాని సంగతి గట్టిగా చూద్దాం. మిగతావి తర్వాత చకచకా చెప్పేస్తాను.

అపోహ: మెషిన్ ఉంటే మంచు గ్యారంటీ

స్నో గన్ అంటే నీళ్లు చిమ్మి మంచు చేసే మెషిన్. దాంట్లో ఫ్రిజ్ లేదు. కంప్రెసర్ ఉంటుంది, కానీ అది గాలిని ఒత్తేదే తప్ప చల్లబరిచేది కాదు. గన్ చేసే పనల్లా 20 నుంచి 40 బార్ ప్రెషర్‌తో నీళ్లను సన్నటి తుంపరగా గాల్లోకి చిమ్మడం. పక్కనే ఉండే న్యూక్లియేటర్ నాజిల్‌లోంచి నీళ్లూ, ఒత్తిన గాలీ కలిసి బయటికొచ్చి ఒక్కసారిగా వ్యాకోచించి బుల్లి మంచు రేణువులవుతాయి. పెద్ద చుక్కలు వాటిని అంటుకుని, నేల తాకేలోపు ఆ కొద్ది సెకన్లలోనే గడ్డకట్టాలి. కిలో నీరు గడ్డకట్టాలంటే 80 కిలోకేలరీల వేడి వదలాలి. ఆ వేడిని తీసుకోవాల్సింది చుట్టూ ఉన్న గాలే. గాలి తీసుకోలేకపోతే కింద పడేది మంచు కాదు, వాన.

గాలి ఆ వేడిని రెండు దారుల్లో తీసుకుంటుంది. తను చల్లగా ఉండి కొంత, చుక్క పైపొరను ఆవిరి చేసి కొంత. రెండో దారి తెరుచుకోవాలంటే గాలి పొడిగా ఉండాలి. అనంతపురంలో ఎండాకాలం కూలర్ వేస్తే గది చల్లబడుతుంది, అదే కూలర్ చెన్నైలో వేస్తే ఉక్క పెరుగుతుంది కదా, అదీ ఇదీ ఒకే లెక్క. అందుకే స్నో గన్ ఆపరేటర్ మామూలు థర్మామీటర్ చూడడు, వెట్ బల్బ్ చూస్తాడు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే ఉష్ణోగ్రత అది. అది మైనస్ 2.5, మైనస్ 3 డిగ్రీలకు దిగితేనే గన్ వేయడంలో అర్థం ఉంది.

లెక్క చూడండి. గాలి 2 డిగ్రీలు, తేమ 30 శాతం: వెట్ బల్బ్ సుమారు మైనస్ 2.6. అంటే సున్నాకు పైనున్నా అంచు మీద మంచు చేయొచ్చు. గాలి మైనస్ 1, తేమ 95 శాతం: వెట్ బల్బ్ మైనస్ 1 దాటి పెద్దగా దిగదు. సున్నాకు కిందున్నా మంచు రాదు. ఫోన్‌లో "మైనస్ 1" చూసి ఇంకేం, మంచు ఖాయం అనుకుని బయల్దేరినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇప్పుడు లంబసింగి. ఆంధ్రా కశ్మీరు అని పేరు పెట్టుకున్నాం, తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా పేరుకున్న మంచును ఫొటోలు తీసుకుంటాం. కానీ ఆ వేళ అక్కడ దట్టమైన పొగమంచు. అంటే తేమ 100 శాతం దగ్గర, వెట్ బల్బ్ కూడా గాలి ఉష్ణోగ్రత దగ్గరే. 2 డిగ్రీలుంటే వెట్ బల్బ్ కూడా 2 డిగ్రీలే. పైగా ఆ చలి ఉండేది ఏ రెండు మూడు గంటలో. పెద్ద రిసార్టులు సీజన్ మొదట్లో బేస్ పొర వేసుకోవడానికి 70 నుంచి 100 గంటల చలి కావాలని ప్లాన్ చేసుకుంటాయి. లంబసింగిలోగానీ, ఊటీలోగానీ స్నో గన్ పనిచేయదు. ఎవరైనా కొటేషన్ ఇస్తే వెట్ బల్బ్ ఎంత లెక్కేశారో కాగితం మీద రాసిమ్మనండి. అడ్వాన్స్ ఆ తర్వాత.

గుల్మార్గ్ వెళ్లేవాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. పిల్లల సెలవులు చూసుకుని నలుగురికి విమానం, హోటల్, గొండోలా (కేబుల్ కారు) కలిపి లక్షల్లో పెట్టారు. గుల్మార్గ్ స్కీయింగ్ ఆకాశం నుంచి పడే మంచు మీదే నడుస్తుంది. 2024 జనవరిలో అక్కడ మంచు లేక గడ్డి కనిపించింది. ఫిబ్రవరిలో గట్టిగా పడింది. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో గుల్మార్గ్ పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. మంచును తెచ్చేది పశ్చిమం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి. అది వస్తోందా లేదా అన్నది ఓ వారం ముందు తప్ప నమ్మకంగా తెలియదు. కాబట్టి క్రిస్మస్ కన్నా జనవరి చివర, ఫిబ్రవరి తేదీలు పెట్టుకోండి. కేన్సిల్ చేసుకునే వీలున్న హోటలే తీసుకోండి. గొండోలా రెండో దశ అఫర్వత్ దగ్గర సుమారు 3,900 మీటర్ల పైదాకా వెళ్తుంది, కింద మంచు పలచగా ఉన్నా పైన దొరికే అవకాశం ఎక్కువ.

ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం గన్‌లు పెట్టారు, వాటికి నీళ్లివ్వడానికే కృత్రిమ చెరువు తవ్వారు. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే చెరువు అదే. చెరువూ గన్‌లూ ఉన్నా చలి చాలని ఏడాది వాటితో పని జరగదు.

"కాస్త అటూ ఇటూ అయినా వేసేద్దాం, సీజన్ పోతోంది" అని మైనస్ 2 దగ్గర గన్‌లు నడిపితే ఏమవుతుందో కూడా చెప్పాలి, పర్యావరణం లెక్కలో అసలు నష్టం అదే. ఆ వేళ నీళ్ల పాళ్లు తగ్గించి గాలి పాళ్లు పెంచాలి, కంప్రెసర్ కరెంటు ఊరికే తాగుతుంది. వచ్చేది తడి మంచు, రెండ్రోజుల్లో ఐసు పలక అవుతుంది. అదే గన్ మైనస్ 8, మైనస్ 10 వెట్ బల్బ్ దగ్గర గంటకు ఎన్నో రెట్లు ఎక్కువ మంచు పోస్తుంది. చెరువు నీళ్లు 6, 7 డిగ్రీలుంటే నేరుగా గన్‌కు ఇవ్వకూడదు. కూలింగ్ టవర్‌లో 1, 2 డిగ్రీలకు దించాలి. నీటి జల్లెడ, అంటే స్ట్రైనర్‌లో నాచు పడితే ప్రెషర్ తగ్గి చుక్క లావవుతుంది, లావు చుక్క నేల చేరేలోగా గడ్డకట్టదు. మెషిన్ చెడిపోయిందని నాజిల్ మార్చేవాళ్లు ముందు స్ట్రైనర్ విప్పి చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

నీళ్ల సంగతికొస్తే, ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మంచు పరవాలంటే సుమారు 12 లక్షల లీటర్లు. మన వీధుల్లోకి వచ్చే 12 వేల లీటర్ల లారీలు నూరు. ఇందులో ఎక్కువ భాగం వేసవిలో కరిగి అదే లోయలోకి పోతుంది, కొంత గాలికి, ఆవిరికి పోతుంది. కాబట్టి నీళ్లు "పోయాయి" అనేదీ నిజం కాదు, "నష్టమేమీ లేదు" అనేదీ నిజం కాదు. చిక్కు ఎప్పుడు తోడుతున్నామన్నది. చలికాలంలో కొండవాగులు సన్నబడతాయి, అప్పుడే గన్‌లకు నీళ్లు కావాలి. అందుకే వానల్లో నింపుకున్న చెరువు నుంచి తోడడం మంచి పద్ధతి. హిమాలయాల్లో ఇంకోటి చూసుకోవాలి. చెరువు అడుగున షీట్ చిరిగితే నీళ్లు వాలులోకి దిగుతాయి. 2023 జనవరిలో ఔలీ కిందనున్న జోషీమఠ్‌లో ఇళ్లు పగుళ్లిచ్చి, ఔలీ రోప్‌వే ఆపేశారు. అలాంటి నేల మీద ఇంకో చెరువు తవ్వమనే ముందు జియాలజిస్టును తీసుకెళ్లాలి.

పద్ధతిగా చేసే రిసార్టులు ఏం చేస్తాయంటే, మంచి చలి రాత్రులకోసం ఆగి ఒకేసారి కుప్ప పోస్తాయి. మంచును చదునుచేసే గ్రూమింగ్ బండి మీద జీపీఎస్ పెట్టి, అడుగున మంచు ఎంత లోతుందో చూసుకుంటూ అవసరమైనచోటికే తోస్తాయి. ఆ డీజిల్ బండ్లు గంటకు 20 లీటర్లకు పైనే తాగుతాయి, ఊరికే తిప్పడం కూడా ఖర్చే. దావోస్‌లో కిందటి ఏడు మంచునే కుప్పచేసి, పైన 40 సెంటీమీటర్ల రంపపు పొట్టు కప్పి, వేసవి దాటిస్తారు. నాలుగింట మూడొంతుల దాకా మిగులుతుంది.

అపోహ: సున్నాకు పైన కూడా మంచు చేసే కొత్త మెషిన్లు వచ్చేశాయి, ఇక చింత లేదు

వచ్చిన మాట నిజం. 2008లోనే జెర్మాట్‌లో ఒకటి పెట్టారు. కానీ అవి గన్‌లు కావు, ఐసు ఫ్యాక్టరీలు. 20 డిగ్రీల నీటిని మైనస్ 5 ఐసు చేయాలంటే కిలోకు దాదాపు 430 కిలోజౌళ్లు లాగాలి. ఘనమీటరు మంచు 450 కిలోలనుకుంటే సుమారు 53 యూనిట్ల వేడి. ప్లాంటు ఎంత బాగున్నా కరెంటు మీటరులో 25 యూనిట్ల దాకా తిరుగుతుంది. మంచి చలిలో గన్‌కు ఇందులో కొద్ది వంతే చాలు, ఎందుకంటే వేడి తీసే పని గాలి ఉచితంగా చేస్తోంది. ఇలాంటి మెషిన్ చిన్న పిల్లల వాలుకో, రేసు ముగింపు గీత దగ్గరో పనికొస్తుంది. కొండంతా పరవడానికి కాదు.

అపోహ: స్నో హాల్ కరెంటంతా మంచు చేయడానికే పోతుంది

చెన్నైలో పోయేది తలుపు దగ్గర. సాయంత్రం బయటి గాలి 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే, ఘనమీటరుకు 24 గ్రాముల నీరు మోస్తుంది. లోపల మైనస్ 5లో గాలి మూడున్నర గ్రాములకు మించి పట్టుకోలేదు. వెయ్యి ఘనమీటర్ల గాలి లోపలికొస్తే 20 కిలోల నీరు చల్లబరిచే కాయిల్ మీద ఐసుగా అంటుకుంటుంది. ఆ గాలిని చల్లబరచడానికీ, ఆ నీటిని గడ్డకట్టించడానికీ కలిపి 28 యూనిట్ల వేడి తీయాలి. ఆదివారం సాయంత్రం తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి బ్యాచ్ తర్వాత బ్యాచ్ పంపితే అలాంటి వెయ్యిలు ఎన్నో.

ఐసు పట్టిన కాయిల్‌లోంచి గాలి ఆడదు, కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి (సక్షన్ ప్రెషర్) పడిపోతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. డీఫ్రాస్ట్‌లు (కాయిల్ మీది ఐసు కరిగించడం) పెంచుతారు, ప్రతి డీఫ్రాస్టూ లోపలికి వేడి పోస్తుంది. తలుపు పైన ఐసు కడ్డీలు వేలాడటం, గుమ్మం దగ్గర మంచు గాజులా మెరవడం దీని గుర్తులు. ఎయిర్ కర్టెన్ ఒక్కటీ సరిపోదు. రెండు తలుపుల గది కావాలి, ఒకటి మూస్తేనే రెండోది తెరుచుకునే ఇంటర్‌లాక్ కావాలి, ఆ గదిని 10, 12 డిగ్రీల దగ్గర తేమ తీసి ఉంచాలి. రాత్రి హాలు మూశాక అగరుబత్తి వెలిగించి తలుపు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ అంచు వెంబడి మెల్లగా జరపండి. పొగ ఎక్కడ లోపలికి లాగితే అక్కడ గ్యాస్కెట్ పోయినట్టు. కరిగిన మంచు నీళ్లను డ్రైనేజీలో వదలకండి. ముందు తాజా గాలి కాయిల్‌లోంచి తిప్పి, ఆ తర్వాత టాయిలెట్లకు వాడుకోవచ్చు.

రూఫ్ మీద సోలార్ పెడితే హాలంతా నడుస్తుందని అడుగుతారు. చెన్నైలో 100 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 400 యూనిట్లిస్తాయి, వాటికి పదివేల చదరపు అడుగుల కప్పు కావాలి. 24 గంటలూ నడిచే హాలుకు అది ఒక వంతే. పెట్టుకోండి, కానీ తలుపు బాగుచేశాక.

ఇక మిగతావి

"ఆ మంచులో కెమికల్ ఉంటుంది, పిల్లలకు పడదు." తల్లుల భయం సహజమే, కానీ పుకారు తప్పు. హాళ్లలో ఉండేది నీటితో చేసిన ఐసు పొడి. పెళ్లి డెకరేషన్లలో, షూటింగుల్లో నీళ్లు పోస్తే ఉబ్బే తెల్ల పొడి వేరు. అది సోడియం పాలీఅక్రిలేట్, నోట్లో పెట్టనివ్వకూడదు, సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఆ పుకారు. కొన్ని దేశాల్లో గన్‌లలో కలిపేది సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా ప్రొటీన్, బాక్టీరియాను చంపాకే వాడతారు. హాల్లో పిల్లలు దగ్గేది ఎక్కువగా చల్లటి పొడిగాలికి. సాక్సులు తడుస్తాయి, రెండో జత తీసుకెళ్లండి.

నిజంగా భయపడాల్సిన కెమికల్ పైపుల్లో ఉంటుంది. చల్లబరిచే ప్లాంటులో వాడే ఆర్-404ఏ గ్యాస్ ఒక్క కిలో లీకైతే 3.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏటా "గ్యాస్ తగ్గింది, ఎక్కించాం" అని బిల్లు వస్తుంటే లీకు వెతకకుండా నింపుతున్నారని అర్థం. ఎన్ని కిలోలు ఎక్కించారో తేదీ వేసి రాయించండి.

స్కీలకు రాసే ఫ్లోరిన్ వ్యాక్స్ కరిగే మంచుతో నేలలోకి పోతుంది, దాదాపు ఎన్నటికీ విచ్ఛిన్నం కాదు. 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీల్లో నిషేధించింది. అద్దెకు తీసుకునేటప్పుడు ఫ్లోరిన్ లేనిదేనా అని అడగండి.

రిసార్టు లిఫ్టులూ గన్‌లూ కన్నా మనం అక్కడికి చేరడానికి చేసే ప్రయాణం బరువే ఎక్కువ. ఇక్కడి నుంచి స్విట్జర్లాండ్ వెళ్లొస్తే మనిషికి టన్నుకు పైనే కార్బన్ డయాక్సైడ్. గుల్మార్గ్‌కు అందులో సగం లోపే. సెలవులుంటే చెన్నై నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా కాట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. 2025 జూన్‌లో కాట్రా-శ్రీనగర్ వందేభారత్ మొదలైంది.

హాలు పెట్టాలనుకునేవాళ్లు ఫోన్ చేసేముందు ఇవి చేతిలో పెట్టుకోండి: నేల వైశాల్యం, కప్పు ఎత్తు, మీకున్న శాంక్షన్డ్ లోడ్ (కరెంటు సంస్థ మంజూరు చేసిన లోడు), బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క), ఆదివారం సాయంత్రం గంటకు ఎంతమంది వస్తారని మీ అంచనా. చివరిది మాత్రం తగ్గించి చెప్పకండి, తలుపు గది సైజు దాన్నిబట్టే వేస్తాం.