కక్ష్యలోని శకలాలకు లేజర్ పగ్గం

2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీదుగా, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న ఇరిడియం 33 ఉపగ్రహమూ, అప్పటికే మూలబడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొని తునాతునకలయ్యాయి. అంత ఎత్తులో గాలి మరీ పలచన కనుక, అక్కడి ముక్క దానంతట అది కిందికి దిగిరావడానికి దశాబ్దాలు పడుతుంది.

పెద్ద శకలాలను రాడార్లు పసిగడతాయి కాబట్టి ఉపగ్రహాలను ముందే పక్కకు జరపవచ్చు. సెంటీమీటరు కంటే చిన్నవాటిని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు కవచాలు చాలావరకు తట్టుకుంటాయి. అసలు చిక్కు ఈ రెంటికీ నడుమ, ఒకటి నుంచి పది సెంటీమీటర్ల మేర ఉన్న లక్షలాది ముక్కలతోనే. సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో, అంటే తూటాకు సుమారు పదింతల వేగంతో తాకే వీటిని వలవేసి ఒక్కొక్కటిగా పట్టడం అయ్యే పని కాదు. నా దృష్టిలో లేజర్ అవసరం ఇక్కడే ఉంది.

నేల మీది నుంచి ప్రయోగించే లేజర్ శకలాన్ని పూర్తిగా ఆవిరి చేయనక్కరలేదు. సెకనులో వందకోట్లవ వంతు లెక్కన కొన్ని వంతులే ఉండే కాంతి స్పందన (పల్స్) తాకినప్పుడు, శకలం ఉపరితలం మీది పలచటి పొర ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం గల వేడి వాయువుగా మారి, లేజర్ వచ్చిన వైపుకే చిమ్ముతుంది. ఆ చిమ్మిన వేగానికి ప్రతిచర్యగా శకలం వెనక్కి నెట్టబడుతుంది. కాబట్టి అది మనవైపు వస్తున్నప్పుడే కాంతిని ప్రయోగించాలి. 800 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో తిరిగే ముక్కకు సెకనుకు 150 మీటర్ల మేర, అంటే కేవలం రెండు శాతం వేగం తగ్గిస్తే చాలు, దాని కక్ష్య అవతలి కొస 200 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. అక్కడి గాలి రాపిడి మిగతా పని పూర్తిచేస్తుంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లాడ్ ఫిప్స్ ఈ పద్ధతి గురించి చాలా ఏళ్లుగా వాదిస్తూ వచ్చారు. 1996లో నాసా ఓరియన్ పేరుతో దీన్ని అధ్యయనం చేసింది.

ఆటంకం కాంతి స్వభావంలోనే ఉంది. ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యపు కాంతిని మూడు మీటర్ల అద్దంతో పంపినా, వెయ్యి కిలోమీటర్లు చేరేసరికి అది ముప్పావు మీటరుకు పైగా పరుచుకుంటుంది. అయిదు సెంటీమీటర్ల ముక్కకు అందులో అందేది అతి స్వల్పం. గాలి కదలికలు కిరణాన్ని ఇంకా చెదరగొడతాయి గనుక, క్షణక్షణమూ ఆకారం సరిచేసుకునే అద్దాలూ కావాలి. లేజర్‌నే కక్ష్యలోకి తీసుకుపోదామని 2015లో జపాన్‌లోని రికెన్ సంస్థకు చెందిన తోషికజు ఎబిసుజాకి బృందం ప్రతిపాదించింది.

ఇంతకంటే సున్నితమైన మార్గాన్ని 2011లో నాసా ఏమ్స్ కేంద్రంలో జేమ్స్ మేసన్ బృందం సూచించింది. పొరను ఆవిరి చేయకుండా, కేవలం కాంతి ఒత్తిడితోనే శకలం వేగాన్ని సెకనుకు ఒక మిల్లీమీటరు మార్చినా, ఒక రోజుకు అది తన దారిలో దాదాపు 260 మీటర్లు ముందుకో వెనక్కో జరుగుతుంది, ఢీకొనడం తప్పుతుంది.

అయితే చెత్తను నెట్టగల లేజర్ ఉపగ్రహాన్నీ దెబ్బతీయగలదన్న అనుమానం దేశాలకు సహజంగానే ఉంటుంది. పైగా 1967 అంతరిక్ష ఒడంబడిక ప్రకారం, నమోదు చేసిన వస్తువు ముక్కలైనా ఆ దేశం అధీనంలోనే ఉంటుంది. కాస్మోస్ 2251 శకలాలను తాకాలంటే రష్యా సమ్మతి కావాలి. ఏ ఉపగ్రహానిదో తేల్చలేని చిన్న ముక్కల విషయంలో ఎవరి సమ్మతి అడగాలో ఏ ఒప్పందమూ ఇంకా చెప్పలేదు.